కటాఫ్ స్విచ్ వేయించినా పద్మిని బ్యాటరీ నాలుగు రోజులకే దిగిపోతోంది. ఎక్కడని వెతకను?

పద్మిని86 | రాజమండ్రి | జూన్ 8, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదలు. మాది 1986 ప్రీమియర్ పద్మిని, నాన్నగారి బండి. ఆయన రోజూ తిప్పినన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు ఆదివారం ఆదివారం నేను బయటికి తీస్తున్నాను. అదీ గోదావరి గట్టు దాకానో, కడియం నర్సరీల దాకానో.

బ్యాటరీ నిలవడం లేదు. ఆదివారం తిప్పి పెడితే సోమవారం సెల్ఫ్ బ్రహ్మాండంగా కొడుతుంది. బుధవారం మూలుగుతుంది. గురువారం 'టక్'మని ఒక్క చప్పుడు, అంతే. పదిహేను నెలల్లో ఇది రెండో బ్యాటరీ, 35 ఆంపియర్ అవర్లది. మొదటిది పాడైందనుకుని మార్చేశాను. ఇదీ అదే దారిలో ఉంది.

ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసే పాత డైనమో తీయించి ఆల్టర్నేటర్ పెట్టించడం నాన్నగారి కాలంలోనే అయిపోయింది. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ మీద 14.1 వోల్టులు చూపిస్తోంది. నేను కొత్తగా చేర్పించినవి: రేడియేటర్‌కి మారుతి 800 ఎలక్ట్రిక్ ఫ్యాను, ముందు రెండు ఫాగ్ ల్యాంపులు, స్టీరియో, వోల్టులు చూపించే యూఎస్‌బీ సాకెట్. డాష్‌బోర్డు కింద రేకు ముక్క బిగించి, దాని మీద మూడు స్విచ్చులు. రాత్రిపూట ఆ మూడు స్విచ్చుల్లో ఎర్ర చుక్కలు వెలుగుతుంటాయి, చూడముచ్చటగా ఉంటుంది.

నెల కిందట ఎలక్ట్రీషియన్ "బ్యాటరీకి కటాఫ్ వేసేయండి సార్, రాత్రి మర తిప్పి పడుకోండి, ఏ గొడవా ఉండదు" అన్నాడు. బ్యాటరీని బండి నుంచి విడదీసే స్విచ్ అది. నెగటివ్ టెర్మినల్ మీద పచ్చ మర ఉండేది వేయించాను. మర విప్పి పక్కన పెట్టినా గురువారానికి మళ్లీ అదే 'టక్'! అది అసలు అర్థం కావడం లేదు. మధ్యలో ఒకసారి డాష్‌బోర్డు కింద వైరు కాలిన వాసన వచ్చింది, తర్వాత పోయింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో.

—

కొత్తరెంచి | నెల్లూరు | జూన్ 8, రాత్రి 9:40

కటాఫ్ తీసేసినా దిగుతోందంటే బ్యాటరీయే పోయినట్టు కదా బ్రో. ఈసారి కంపెనీ మార్చి చూడండి.

—

టెస్ట్‌ల్యాంప్ | విజయవాడ | జూన్ 8, రాత్రి 10:25

మూడో బ్యాటరీ కొనమాకండి. ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో వైరింగ్ పని చేసినోణ్ణి, చెబుతున్నా. బ్యాటరీ పోయిందని నా దగ్గరికొచ్చిన బళ్లల్లో చాలా వాటికి పోయింది బ్యాటరీ కాదు. నాలుగుసార్లు అడుగంటా దిగితే మాత్రం మంచి బ్యాటరీ కూడా చస్తుంది, లోపల ప్లేట్లకి సల్ఫేట్ పొర పట్టేస్తుంది. మీ మొదటి బ్యాటరీ కథ అదే అయ్యుంటుంది.

ముందు అసలు సంగతి తేల్చండి. బ్యాటరీ బండిలోంచి బయటికి తీసి, నిండా ఛార్జింగ్ పెట్టి, ఛార్జర్ పీకాక ఓ పూట అలా వదిలేసి వోల్టు చూడండి. మళ్లీ ఒక రోజు గచ్చు మీదే ఉంచి చూడండి. 12.6 దగ్గర నిలబడితే బ్యాటరీ మంచిది, తినేది బండి. మూతలు తీసే రకమైతే యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ముంచి ఆరు గదులూ చూడండి. 1.250 పైన అన్నీ సమానంగా ఉండాలి. ఒక గది మాత్రం బాగా తక్కువుంటే బ్యాటరీదే తప్పు.

రెండోది మా పాతకాలం పద్ధతి. మర విప్పేసి, కటాఫ్‌కి ఆ చివరా ఈ చివరా మధ్య 5 వాట్ల బల్బు ఒకటి తగిలించండి. బల్బు ఎర్రగా మిణుకుమన్నా సరే, ఏదో తింటున్నట్టు. మీటర్లు రాకముందు మా గురువు ఈ బల్బుతోనే బళ్లన్నీ పట్టుకునేవాడు. నా పేరు కూడా అందుకే.

—

ఓం_నియమం | హనుమకొండ | జూన్ 8, రాత్రి 11:03

టెస్ట్‌ల్యాంప్ గారి బల్బుకి లెక్క జోడిస్తాను. మేష్టారు ఉద్యోగం, అలవాటు పోదు.

పాత పద్మినిలో కంప్యూటర్ లేదు, అలారం లేదు. కీ తీసి తలుపులు వేశాక అది తాగే కరెంటు దాదాపు సున్నా ఉండాలి. ఈ కాలం కార్లకే 0.02 నుంచి 0.05 ఆంపియర్ల లోపు. మీ 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు రోజుల్లో, అంటే 96 గంటల్లో, పూర్తిగా దిగుతోందంటే 35ని 96తో భాగించండి: 0.36 వస్తుంది. అంటే రాత్రింబవళ్లు ఒక 5 వాట్ల బల్బు వెలుగుతున్నంత. అంతకన్నా చాలా తక్కువ దొరికితే అది అసలు దొంగ కాదని గుర్తుపెట్టుకోండి.

మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల పాయింట్‌కి మార్చి, ఎర్ర తీగను కూడా ఆ రంధ్రంలోకే మార్చి, బల్బు పెట్టిన చోటే పెట్టండి. ఆ తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె చూడండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ దారిలో వెతకాలి. మీటరు అలా ఉండగా ఎవరూ సెల్ఫ్ కొట్టకూడదు. సెల్ఫ్ లాగేది వంద ఆంపియర్లకు పైనే. మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

—

పద్మిని86 | రాజమండ్రి | జూన్ 11, సాయంత్రం 6:30

చెప్పినవన్నీ చేశాను. వరసగా రాస్తాను.

బ్యాటరీ గచ్చు మీద: మొదటి రోజు 12.65, మర్నాడు 12.63. అంటే బ్యాటరీ మంచిదే. కొత్తరెంచి గారూ, డబ్బులు మిగిలాయి.

బల్బు: వెలగలేదు. చీకట్లో చెయ్యి అడ్డం పెట్టి మరీ చూశాను. మిణుకు కూడా లేదు.

మీటరు: 0.07. ఫ్యూజులన్నీ తీసేసినా 0.07. ఒక్క పాయింటు కదల్లేదు.

ఇంతలో నాన్నగారు వచ్చారు. "ఏదీ, చూద్దాం" అంటూ నేను నోరు తెరిచే లోపే కూర్చుని సెల్ఫ్ కొట్టారు. మీటరు ఫ్యూజు పోయింది. సెల్ఫ్ మాత్రం ఒక్క కదుపు కదిలినట్టు ఊగింది, మళ్లీ ఆ కాలిన వాసన! నాన్నగారు ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్లిపోయారు.

—

కొత్తరెంచి | నెల్లూరు | జూన్ 11, సాయంత్రం 6:52

మీ నాన్నగారు సూపర్ బ్రో.

—

ఓం_నియమం | హనుమకొండ | జూన్ 11, రాత్రి 8:15

0.07 అంటే రోజుకి 1.7 ఆంపియర్ అవర్లు. ఆ లెక్కన మీ బ్యాటరీ అడుగంటడానికి ఇరవై రోజులు పట్టాలి. మీకు నాలుగు రోజులే పడుతోంది. లెక్క తప్పకూడదు, బండి అబద్ధం చెప్పదు, మిగిలింది మన కొలత. మనం కొలిచిన దారిలో కాక ఇంకో దారిలో కూడా కరెంటు పోతోంది. ఏ దారో తట్టడం లేదు.

—

మార్క్4 | సికింద్రాబాద్ | జూన్ 11, రాత్రి 9:47

అన్నా, ఒక్క మాట అడుగుత. నీ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద లావు కేబుల్ ఒక్కటే ఉన్నదా, ఇంకేమన్న సన్న వైర్లు కూడ ఉన్నయా? కటాఫ్ మీద కాదు, పోస్టు మీదనే. బోల్టు కింద చూడు.

ఎందుకంటే మీటరు ఫ్యూజు ఎగిరిపోయినంక సెల్ఫ్ అసలు ఊగొద్దు. ఊగిందంటె కరెంటుకు ఇంకో తొవ్వ దొరికింది. వాసన వచ్చిందంటె ఆ తొవ్వ సన్నగున్నది. నా అంబాసిడర్‌ల స్టీరియో పెట్టినోడు ఇదే పని చేసిండు, "బాడీ ఎర్త్ ఇస్తే గర్‌గర్ సౌండ్ వస్తది సార్" అని బ్యాటరీ నుంచి సీదా లాగిండు.

—

పద్మిని86 | రాజమండ్రి | జూన్ 11, రాత్రి 10:20

టార్చి పట్టుకుని వెళ్లి చూసొచ్చాను. ఉన్నాయి! రెండు నల్ల వైర్లు, బ్యాటరీ పోస్టుకి, కటాఫ్‌కి మధ్యన, బిగింపు బోల్టు కింద నొక్కి ఉన్నాయి. ఒకటి ఫ్యాను వైపు వెళ్తోంది, ఒకటి డాష్‌బోర్డు లోపలికి. డాష్‌బోర్డు వైపు వెళ్లేదాని తొడుగు ఒక జానెడు మేర కరిగి, ఉబ్బి, మెరుస్తోంది. పట్టుకుంటే అట్టలా గట్టిగా ఉంది.

—

టెస్ట్‌ల్యాంప్ | విజయవాడ | జూన్ 11, రాత్రి 10:38

దొరికింది. మార్క్4 తమ్ముడూ, శెభాష్. నేను అడగాల్సిన మొదటి మాట అది, బల్బు మోజులో వదిలేశా.

పద్మిని86 గారూ, ఆ రెండు వైర్లూ ఇప్పుడే పోస్టు మీంచి తీసి టేపు చుట్టేయండి. రేపటి దాకా ఆగమాకండి. ఆ వైరు ఇంకొక్క సెల్ఫ్ తట్టుకునేది కాదు, డాష్‌బోర్డు కింద మంటే.

జరిగింది ఇది. మీ కటాఫ్ లావు కేబుల్‌ని మాత్రమే ఆపుతోంది. సన్న వైరు గేటు పక్కనున్న కంచె సందు లాంటిది. గేటుకి తాళం వేశారు, గేదె సందులోంచి పోతోంది. స్టీరియో డబ్బా ఇనుముది, దాన్ని బిగించింది బండి బాడీకి. కాబట్టి ఆ సన్న వైరు ద్వారా బాడీ మొత్తానికి ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్, అందుతోంది. మర విప్పేసినా చిన్న చిన్న సామాన్లన్నీ హాయిగా పని చేస్తాయి. మర విప్పి ఉన్న సంగతి మర్చిపోయి కీ తిప్పారనుకోండి, వందకి పైన ఆంపియర్లు లాగే సెల్ఫ్ ఆ గడ్డిపరక లాంటి వైరులోంచి తాగడానికి చూస్తుంది. మీకు మొదటిసారి వాసన వచ్చింది కూడా అలాంటి రోజేనేమో గుర్తు చేసుకోండి.

—

ఓం_నియమం | హనుమకొండ | జూన్ 11, రాత్రి 10:55

ఇప్పుడు లెక్క కుదిరింది. బల్బుకి ఆటంకం చాలా ఎక్కువ, పక్కనే ఉన్న వైరుకి దాదాపు లేదు. అందుకే కరెంటంతా వైరులోంచి పోయింది, బల్బు చీకటి. మీటరుకి ఆటంకం తక్కువే కాబట్టి అది కొంత వాటా లాక్కుంది, ఆ వాటాయే మీరు చూసిన 0.07. పిల్లలకి సమాంతర వలయాలు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఇరవై ఏళ్లలో దొరకలేదు.

—

పద్మిని86 | రాజమండ్రి | జూన్ 11, రాత్రి 11:10

తీసేశాను. అవును, మొదటి వాసన కూడా ఒక ఆదివారం పొద్దున్నే. మర బిగించడం మర్చిపోయి కీ తిప్పాను. "స్విచ్ బాగానే పని చేస్తోంది, సెల్ఫ్ తిరగడం లేదు" అని సంతోషించాను కూడా.

—

బీటిల్71 | మిషిగన్ | జూన్ 12, తెల్లవారుజామున 4:30

ఇక్కడ చలికాలంలో నాలుగు నెలలు బండి షెడ్డులోనే. నాది 1971 బీటిల్, బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. చూడటానికి వంగి పాకాలి కాబట్టి ఎవరూ చూడరు, అక్కడ కూడా ఇలాంటి పిల్ల వైర్లే మూడు దొరికాయి నాకు. ఛార్జి లేని బ్యాటరీ చలిలో గడ్డకట్టి డబ్బా పగులుతుంది, నిండా ఉన్నది గడ్డకట్టదు. అందుకని మేం బ్యాటరీని ఎప్పుడూ నిండా ఉంచే మెయింటైనర్ ఛార్జర్ తగిలించి వదిలేస్తాం.

ఒక అనుమానం. కటాఫ్‌ని నెగటివ్ వైపు కాకుండా పాజిటివ్ వైపు పెడితే ఈ తిప్పలు ఉండేవి కావు కదా? ర్యాలీ కార్లలో పాజిటివ్ వైపే చూశాను.

—

టెస్ట్‌ల్యాంప్ | విజయవాడ | జూన్ 12, పొద్దున 7:05

పాజిటివ్ వైపు పెట్టినా పోస్టు మీద సన్న వైర్లు నొక్కితే ఇదే కథ. ఏ వైపు పెట్టినా పోస్టు మీద లావు కేబుల్ ఒక్కటే ఉండాలి, మిగతావన్నీ స్విచ్‌కి అవతలే.

నేను నెగటివ్ వైపే వేస్తా. పానా జారి బాడీకి తగిలినా నిప్పురవ్వ రాదు. ర్యాలీ స్విచ్‌లు వేరే రకం. నడుస్తున్న ఇంజన్‌ని ఆపడానికి పెట్టేవి, వాటికి ఆరు కాళ్లుంటాయి, ఇగ్నిషన్‌ని విడిగా తెంపుతాయి, ఆల్టర్నేటర్ కోసం ఒక రెసిస్టర్ కూడా వస్తుంది. మన పచ్చ మర రకాన్ని ఇంజన్ నడుస్తుండగా విప్పారా, ఆల్టర్నేటర్ వోల్టు ఒక్కసారి ఎగిరి దాని లోపలి డయోడ్లు (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేవి) పోతాయి, స్టీరియో పోతుంది. ఇంజన్ ఆపాకే విప్పాలి.

కటాఫ్ మరీ చవకది కొనమాకండి. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి మర మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే అది స్విచ్ కాదు, హీటరు.

—

కొత్తరెంచి | నెల్లూరు | జూన్ 12, పొద్దున 8:20

మా వీధిలో మంచి ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు బ్రో, నంబర్ ఇదిగో: [నంబరు తొలగించాం]

ఇంకో డౌట్. 1986 అంటే పాత బండి కదా, వింటేజ్ నంబర్ ప్లేటు వస్తుందా?

—

నిర్వాహకుడు | జూన్ 12, పొద్దున 8:45

ఎవరి ఫోన్ నంబర్లూ ఇక్కడ పెట్టవద్దు. వింటేజ్ సంగతి: 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని బండ్లకే ఆ 'వీఏ' వరస నంబరు. ఈ పద్మిని 2036 దాకా ఆగాలి. దాని మీద మాట్లాడాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ బ్యాటరీ సంగతే.

—

పద్మిని86 | రాజమండ్రి | జూన్ 14, రాత్రి 8:50

మీటరుకి కొత్త ఫ్యూజు వేసి మళ్లీ కూర్చున్నాను. ఈసారి నాన్నగారిని ముందే గుమ్మం దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి, కీ నా జేబులో పెట్టుకున్నాను.

ఆ రెండు నల్ల వైర్లని లావు కేబుల్‌తో కలిపి, పోస్టుకీ ఈ కట్టకీ మధ్య మీటరు పెట్టాను: 0.38! ఓం_నియమం గారి లెక్కకి ఎంత దగ్గరో చూడండి. ఫ్యూజులన్నీ తీసినా 0.38 అలాగే ఉంది. ఎక్కడికి పోతోంది ఇది?

—

టెస్ట్‌ల్యాంప్ | విజయవాడ | జూన్ 14, రాత్రి 9:15

బండి ఫ్యూజు డబ్బాలో ఉన్నవి కంపెనీ వైర్లవి. మీవాడు మీ మూడు స్విచ్చులకీ కరెంటు అక్కణ్ణుంచి తీసుకుని ఉండడు. బ్యాటరీ పాజిటివ్ మీంచి నేరుగా లాగుంటాడు. ఆ ఎర్ర వైరు పట్టుకుని నడవండి, దారిలో ఫ్యూజు ఉందో లేదో చెప్పండి. లేకపోతే ఆయనకి నా తరఫున రెండు మాటలు చెప్పండి, ఇక్కడ రాయకూడని మాటలు. బ్యాటరీ నుంచి ఒక జానెడు లోపు ఫ్యూజు హోల్డర్ పడాల్సిందే. ఫ్యాను ఒక్కటే పది ఆంపియర్ల దాకా లాగుతుంది. అన్నీ కలిపి ఒకే వైరైతే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 25 ఆంపియర్ల ఫ్యూజు.

ఆల్టర్నేటర్ వెనక లావు వైరు కూడా ఫ్యూజు లేకుండానే వస్తుంది, దాన్ని విప్పి ఒకసారి చూడండి. డయోడ్ కారుతుంటే అంకె అక్కడ పడిపోతుంది.

—

మార్క్4 | సికింద్రాబాద్ | జూన్ 14, రాత్రి 9:50

ఇంక డైనమో ఉన్నోళ్లు కూడ చదువుతున్నరు కద, వాళ్ల కోసం ఒకటి చెప్తా. డైనమో బండికి డయోడ్లు ఉండవు, కటౌట్ డబ్బాల పాయింట్లే డయోడ్ పని చేస్తయి. ఇంజన్ ఆగితే ఆ పాయింట్లు విడిపోవాలె. నా పాత బండిల ఒకసారి అంటుకపోయినయి. బ్యాటరీ తిరిగి డైనమోల పోసుడు షురూ చేసింది. మెల్లగ దిగుడు కాదు, గంటల మీద దిగింది. డైనమో ముట్టుకుంటె కాలుతున్నది, బండేమో పొద్దుటి సంది ఆగే ఉన్నది! బానెట్ లేపి డబ్బా మూత తీసి వేలుతోని పాయింటు లేపిన, 'చిట్' అని రవ్వ ఎగిరింది. తర్వాత సన్న ఉప్పుకాగితం పెట్టి రుద్దితె సాఫ్ అయింది.

ఇంకోటి, చాల పాత మోరిస్ ఆక్స్‌ఫర్డ్ లాంటి ఇంగ్లండ్ బండ్లకు పాజిటివ్ ఎర్త్ ఉంటది. అసొంటి వాటికి కటాఫ్ పెట్టేటోళ్లు ముందుగాల ఏ పోస్టు బాడీకి పోయిందో కండ్లతోని చూసుకోవాలె. 'నెగటివ్ వైపు' అని గుడ్డిగ పెడితె పానా రవ్వ కొడ్తది.

—

పద్మిని86 | రాజమండ్రి | జూన్ 15, మధ్యాహ్నం 3:40

ఆదివారం కదా, పొద్దుటి నుంచీ ఇదే పని. మోకాళ్లు పోయాయి కానీ దొంగలందరూ దొరికారు. ఒకడు కాదు, నలుగురు.

ఆల్టర్నేటర్ వైరు విప్పితే అంకె కదల్లేదు, అది శుద్ధం. ఎర్ర వైరు పట్టుకుని వెళ్తే నిజంగానే ఫ్యూజు లేదు. అది డాష్‌బోర్డు కింద ఒక రిలేకి (కాయిల్‌కి కొంచెం కరెంటిస్తే పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌కి) వెళ్తోంది. ఆ రిలే నుంచే రేకు మీది స్విచ్చులన్నిటికీ, స్టీరియోకీ కరెంటు. కీ తీశాక రిలే విడిపోవాలి కదా, విడిపోవడం లేదు. దాని కాయిల్‌కి వచ్చే వైరు కూడా అదే ఎర్ర వైరుకి ముడివేసి ఉంది. అంటే ఎలక్ట్రీషియన్ రిలే అయితే వేశాడు, దానికి సెలవు ఇవ్వడం మర్చిపోయాడు.

ఎవరెంత తింటున్నారో చూద్దామని ముందు మిగతావి ఒక్కొక్కటీ పీకాను. స్టీరియో పీకితే 0.23. దాని స్టేషన్లు గుర్తుపెట్టుకునే పసుపు వైరూ, కీతో ఆన్ కావాల్సిన ఎర్ర వైరూ కలిపి మెలేసి ఉన్నాయి, బటన్‌తో ఆపినా లోపల మెలకువగానే ఉంటోంది. యూఎస్‌బీ సాకెట్ పీకితే 0.20. ఆ వోల్టుల అంకెలు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉన్నాయి. తర్వాత నేను ముచ్చటపడ్డ మూడు ఎర్ర చుక్కలు: పీకితే 0.15. మిగిలిన ఆ 0.15 రిలే కాయిల్ ఒక్కటే. పీకితే సున్నా.

—

ఓం_నియమం | హనుమకొండ | జూన్ 15, సాయంత్రం 4:25

0.15, 0.03, 0.05, 0.15. కలిపితే 0.38. మార్కులు పదికి పది.

అందరూ గమనించండి, ఒక మామూలు 12 వోల్టుల రిలే కాయిల్ రోజంతా పట్టుకుని ఉంటేనే 3.6 ఆంపియర్ అవర్లు తింటుంది. దీపం లేదు, చప్పుడు లేదు, పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది, అంతే. ఆగి ఉన్న బండిలో రిలేని వేళ్లతో తడిమి చూడటం కూడా ఒక పరీక్షే.

—

బీటిల్71 | మిషిగన్ | జూన్ 15, సాయంత్రం 5:10

స్విచ్‌లో చుక్క ఎప్పుడూ వెలగడం ఏమిటి? స్విచ్ వేస్తేనే కదా వెలగాలి.

—

టెస్ట్‌ల్యాంప్ | విజయవాడ | జూన్ 15, సాయంత్రం 6:00

ఆ దీపం స్విచ్‌కి మూడు కాళ్లుంటాయి. కరెంటు వచ్చే కాలు, సామానుకి పోయే కాలు, ఎర్త్. దీపం ఉండేది సామాను కాలుకీ ఎర్త్‌కీ మధ్య. పై రెంటినీ తారుమారు చేస్తే స్విచ్ మామూలుగానే పని చేస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, ఆగుతుంది. దీపం మాత్రం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కొన్ని రకాల్లో కాళ్ల వరస వేరుగా ఉంటుంది, మీటరు పెట్టి చూసుకుని గాని తగిలించకూడదు.

ఇప్పుడు పని చెబుతా. రిలేకి 30 నంబరు కాలు మీదికి బ్యాటరీ పాజిటివ్, దారిలో ఫ్యూజు. 87 నుంచి స్విచ్చుల రేకుకి. కాయిల్ కాళ్లు 85, 86. 85 బాడీ ఎర్త్. 86కి మాత్రం కీ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరు ఏదైనా ఇవ్వండి, వైపర్‌దో, మీటర్ల ఫ్యూజుదో. ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ మీంచి మాత్రం తీయమాకండి. స్టీరియో పసుపు వైరు ఒక్కటి నేరుగా బ్యాటరీకి, చిన్న ఫ్యూజుతో, స్టేషన్లు గుర్తుండాలంటే. దాని ఎర్ర వైరు 87కి.

ఎర్త్‌లన్నీ కటాఫ్ అవతల, బాడీకి. రంగు గీకి, ఇనుము కనబడేలా చేసి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన కొంచెం వాజ్‌లిన్ రాయండి. స్టీరియో గర్‌గర్ అంటే అప్పుడు చూద్దాం. సగం గర్‌గర్‌లు రంగు మీద బిగించిన ఎర్త్ వల్లే వస్తాయి.

—

మార్క్4 | సికింద్రాబాద్ | జూన్ 15, సాయంత్రం 6:35

ఫ్యాను సంగతి ఒక్కటి జాగ్రత్త అన్నా. నేను ముందు ఫ్యానుకు రిలే పెట్టకుంట సీదా కీ వైరుకే ఇచ్చిన. బండి ఆపి కీ తీస్తె ఇంజన్ ఒక రెండు సెకన్లు ఇంక నడిచేది! తిరుగుతున్న ఫ్యానే డైనమో లెక్క కరెంటు చేసి ఇగ్నిషన్ కాయిల్‌కు పంపుతున్నదని తర్వాత తెలిసింది. పెట్రోలు మంచిగ లేదనుకుని కార్బురేటర్ విప్పించిన, పైసలు దండగ. రిలేతోని ఇస్తె ఆ లొల్లి లేదు.

—

పద్మిని86 | రాజమండ్రి | జూన్ 15, రాత్రి 7:20

ఒక సందేహం. ఇదంతా సరిచేశాక కటాఫ్ ఉంచనా, తీసేయనా?

—

టెస్ట్‌ల్యాంప్ | విజయవాడ | జూన్ 15, రాత్రి 7:45

ఉంచండి. ఊరెళ్లేటప్పుడు, వైరింగ్ పని చేసేటప్పుడు, ఎప్పుడన్నా పొగ వస్తే ఒక్క తిప్పులో విప్పడానికి. రోజూ విప్పి బిగిస్తే మాత్రం ఇత్తడి మర అరిగి పట్టు వదులుతుంది. కారుడు ఆపింది మీరు, కటాఫ్ కాదు. నెలకోసారి టెర్మినల్స్ మీద వేడినీళ్లు పోసి తెల్ల పొడి కడిగేయండి.

—

పద్మిని86 | రాజమండ్రి | జూన్ 29, పొద్దున 10:05

ఆలస్యానికి మన్నించండి, కావాలనే ఆగాను.

అన్నీ టెస్ట్‌ల్యాంప్ గారు చెప్పినట్టే మార్చాను. కాలిన వైరు మొత్తం పీకేశాను. ఎంత దూరం మాడిందో చూస్తే వెన్నులో చలి పుట్టింది. స్టీరియో వెనక దాకా తొడుగు రాగికి అంటుకుపోయి ఉంది. కటాఫ్ మర బిగించే ఉంచి మీటరు పెడితే 0.01, అది స్టీరియో గుర్తుపెట్టుకోవడానికి తినేది.

జూన్ 19 సాయంత్రం నిండా ఛార్జి చేసి, కటాఫ్ విప్పకుండానే వదిలేశాను. ఈ పొద్దున 12.55 ఉంది. పది రోజులకి! సెల్ఫ్ రెండో తిప్పుకే ఇంజన్ అందుకుంది. గర్‌గర్ లేదు.

మార్క్4 అన్నకీ, టెస్ట్‌ల్యాంప్ గారికీ, మేష్టారికీ పూతరేకులు బాకీ. ఇటు వస్తే చెప్పండి.

—

కొత్తరెంచి | నెల్లూరు | జూన్ 29, పొద్దున 10:30

కంగ్రాట్స్ బ్రో. నాకూ బ్యాటరీ మాట ఇప్పుడు అర్థమైంది. మరి ఆ ఎర్ర చుక్కలు?

—

పద్మిని86 | రాజమండ్రి | జూన్ 29, పొద్దున 10:41

ఇప్పుడు స్విచ్ వేస్తేనే వెలుగుతాయి. నిన్న రాత్రి నాన్నగారు బండిలోకి తొంగి చూసి, "ఏరా, బాగు చేస్తానని ఉన్న లైట్లు కూడా పోగొట్టావేంట్రా" అన్నారు.